ఇంట్లో మాత్రమే మోగిన బెల్లు

మా బావకు నోరు లేదని అందరూ అంటారు. నిజమే. ఆ లోటు నాకు లేదు కాబట్టి ఆయన సంగతి చెప్పే పని నా మీద పడింది.

ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ముందు కూర్చుని నవ్వుతూ ఫ్రేములు చూపించే మనిషి కాదు. వెనక గదిలో, నీళ్ళు చిమ్మే సానరాయి ముందు కూర్చుని, గుండ్రటి అద్దాన్ని ఫ్రేములో ఇమిడేదాకా అంచులు అరగదీసే మనిషి. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ తెల్లటి పొడి ఉంటుంది. ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. అది పెట్టింది కూడా ఆయనే. కొత్త కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళను అద్దం ముందు నిలబడి "బాగుందండీ" అననివ్వడు. చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకెళ్తాడు. ఎదురుగా ఉన్న బోర్డులు చదవమంటాడు. మెట్టు దిగమంటాడు, ఎక్కమంటాడు. "లోపలి వెలుతురు మనదండీ, మనం చెప్పినట్టు వింటుంది. బయటిది వినదు" అంటాడు. పక్కనున్న భార్యో కొడుకో చూసి బాగుందంటే ఒప్పుకోడు. పెట్టుకున్న మనిషే చూడాలి, పెట్టుకున్న మనిషే చెప్పాలి. దుకాణంలో ఆయన గొంతు వినిపించేది ఆ కాసేపే.

మా అక్క ఆయనకు పూర్తిగా తలకిందులు. డ్రైక్లీనింగ్ దుకాణంలో కౌంటరు చూసేది. ఏ కోటు ఎవరిదో చీటీ చూడకుండానే చెప్పేది. ఆమె నవ్విందంటే వెనకాల ఇస్త్రీ చేసేవాళ్ళు పెట్టె పక్కన పెట్టి మరీ వచ్చి చూసేవారు. బావ మాట్లాడాల్సినవి కూడా ఆమే మాట్లాడేసేది. ఇంటికొచ్చినవాళ్ళు "మీరేమంటారండీ?" అని బావను అడిగితే, "ఆయన ఊ అంటున్నారు" అనేది. అప్పటికి ఆయన ఊ కూడా అని ఉండడు. వాళ్ళకు పిల్లలు లేరు. ఉన్న రెండు గదుల్లో ఆమె మాటలు సరిపోయేవి.

జబ్బు ముందు కాలికి వచ్చింది. కుడికాలి చెప్పు ఊరికే జారిపోయేది. అరిగిపోయిందనుకుని కొత్తవి కొనుక్కుంది. కొత్తవీ జారాయి. తరవాత చేతిలో గ్లాసు జారింది, ఆ తరవాత నాలుక మీద మాట జారింది. నరాల జబ్బనీ, కండరాలు ఒక్కొక్కటే మాట వినడం మానేస్తాయనీ, తెలివికి మాత్రం ఏమీ కాదనీ డాక్టరు చెప్పాడు. ఆ చివరి మాట ఓదార్పుగా చెప్పాడు పాపం. నాకైతే దానంత పాపిష్టి మాట ఇంకోటి లేదనిపించింది. అన్నీ తెలుస్తూ పడుండడం కన్నా ఘోరం ఇంకేం కావాలి?

మాట పూర్తిగా పోకముందు, ముద్దముద్దగా వస్తున్న రోజుల్లో, అక్క మా ఇద్దర్నీ దగ్గరికి పిలిచి ఒకే సంగతి చెప్పింది. "నన్నెక్కడికీ పంపకండి. ఈ గదిలోనే ఉంచండి." బావ ఊ అన్నాడు. ఈసారి నిజంగానే అన్నాడు, నేను విన్నాను.

ఆ తరవాత ఆమెకు మిగిలింది కళ్ళూ, కుడిచేతి బొటనవేలూ. అవునంటే కళ్ళు మూస్తుంది, కాదంటే కిటికీ వైపు చూస్తుంది. పొద్దునా సాయంత్రం ఒక ఆయా వచ్చి స్నానం, బట్టలు చూసుకునేది. మధ్యాహ్నం బావ దుకాణం నుంచి వచ్చి గొట్టంలోంచి తిండి పెట్టేవాడు. మిగతా పగలంతా ఆమె ఒక్కతే. ఆయన పని మానేద్దామంటే ఇల్లు గడవదు. నేను బట్టల కార్ఖానాలో కటింగ్ చేస్తాను, సెలవు రోజున తప్ప కదలలేను. బావ నన్ను పేరు పెట్టి కాక "కత్తెరా" అని పిలుస్తాడు. నా పనిని బట్టి పెట్టానంటాడు గానీ నోటిని బట్టే పెట్టాడని నాకు తెలుసు.

మా పెద్దన్నయ్య మనిషి చెడ్డవాడు కాదు. భయస్తుడు. "ఊరి చివర మంచాన పడ్డవాళ్ళను చూసే కేంద్రం ఉంది. అక్కడ నర్సులు గదిలోనే తిరుగుతుంటారు. ఇక్కడ దానికి ఊపిరాడకపోతే ఎవరికి తెలుస్తుంది?" అని మొదటినుంచీ అంటూనే ఉన్నాడు. ఆ ప్రశ్నకు జవాబుగానే బావ బెల్లు తయారుచేశాడు.

దుకాణంలో కొత్త కంప్యూటరు వచ్చాక పాతదాన్ని మూలన పడేస్తే, ఆయన దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. దాని ముసలితనానికి మామూలు సరుకేదీ నడవదనీ, లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఎక్కిస్తే నడుస్తుందనీ కేబులాయన చెప్పాడు. కేబులాయనంటే వాళ్ళ వీధికి ఇంటర్నెట్ ఇచ్చే మనిషి. ఆయన నిచ్చెన ఎంత పొడుగో మాటలూ అంత పొడుగు. లినక్స్ ఆయనే ఎక్కించి, ఎలా నడపాలో నాలుగు ముక్కలు చెప్పిపోయాడు. మిగతాది బావ సొంతంగా నేర్చుకున్నాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొట్టుకుంటూ కూర్చుంటే ఆయనకు ప్రాణం హాయిగా ఉండేది. దానితో నోటితో మాట్లాడనక్కర్లేదు కదా.

బెల్లు ఇలా చేశాడు. ఒక పాత కీబోర్డు విప్పి, ఒక మీట నుంచి రెండు వైర్లు లాగి, గోడకు బిగించే కాలింగ్ బెల్లు స్విచ్చుకు కలిపాడు. స్విచ్చులోని గట్టి స్ప్రింగు తీసేసి సన్నటిది వేశాడు. దాన్ని స్పాంజి ముక్కలో కూర్చి, అక్క అరచేతిలో పెట్టి గుడ్డపట్టీ కట్టాడు. బొటనవేలు కాస్త వంగితే చాలు, టిక్కుమంటుంది, కంప్యూటరుకు తెలుస్తుంది. ఆయన ఫోను ఎక్కడున్నా ఇంటి కంప్యూటరును అంటిపెట్టుకుని ఉంటుంది. టిక్కుమన్న మరుక్షణం జేబులో గంట మోగుతుంది. దుకాణం వాళ్ళ వీధి చివరే. గంట మోగిందంటే సానరాయి ఆపి పరుగు.

వీధిలో అందరికీ అలవాటైపోయింది. చేతికి తెల్లపొడితో ఆయన పరిగెడుతుంటే దారి ఇచ్చేవారు. గుమ్మంలో నిలబడి రొప్పుతూ, "పిలిచావా?" అనేవాడు. అక్క కళ్ళు మూసేది. దోమ వాలిందనో, దుప్పటి జారిందనో, కిటికీ మూయమనో. కొన్నిసార్లు ఏ పనీ ఉండేది కాదు, ఊరికే పిలిచేదని నా గట్టి అనుమానం. ఆయన ఏమీ అనేవాడు కాదు. కాసేపు కూర్చుని, దుకాణంలో ఎవరు వచ్చారో, ఎవరికి ఏ బోర్డు కనపడలేదో చెప్పి వెళ్ళేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో బావ మా అక్కతో అన్ని మాటలు మాట్లాడింది ఆ రోజుల్లోనే. ఇంత ఘోరంలో కూడా ఆ ఇల్లు ఇల్లులాగే ఉండేది. అన్నయ్య కూడా కొన్నాళ్ళు నోరు మూసుకున్నాడు.

గదిలో మంచానికి ఎదురుగా ఒక కెమెరా కూడా ఉండేది. మధ్యమధ్యలో ఫోనులో ఆమెను చూసుకోవడానికి పెట్టుకున్నాడు. ఒకరోజు సాయంత్రం కేబులాయన వైరు సరిచేయడానికి వచ్చాడు. తన ఫోనులో ఏదో నొక్కి, నవ్వుతూ అన్నాడు. "ఏంటి సార్, మీ కంప్యూటరు తలుపులన్నీ బార్లా తెరిచిపెట్టారు? ఫైర్‌వాల్ లేదా? కెమెరా కూడా బయటికి కనపడుతోంది. తెలిసినవాడెవడైనా చూడొచ్చు."

కేబులాయన దాన్ని హాస్యంగానే అన్నాడు. బావ మాత్రం మంచం వైపు తిరిగాడు. ఆ మంచం మీదే ఆయా అక్కకు ఒళ్ళు తుడుస్తుంది, బట్టలు మారుస్తుంది. ఎవరైనా చూశారో లేదో తెలిసే దారి లేదు. ఆయన కెమెరాను గోడ నుంచి ఊడబెరికి చెత్తబుట్టలో వేశాడు. ఆ కోపంతోనే కంప్యూటరు ముందు కూర్చుని ఫైర్‌వాల్ పెట్టాడు.

ఫైర్‌వాల్ అంటే అప్పటిదాకా నాకు తెలియదు. బావ చెప్పిన ప్రకారం అది కంప్యూటరు గుమ్మంలో కూర్చునే కాపలావాడు. ఎవరిని రానివ్వాలో, ఎవరిని పొమ్మనాలో మనం రూల్సు రాసి ఇస్తే ఆ ప్రకారం చేస్తాడు. బావ రాసిచ్చిన రూలు ఒకటే. ఇంటివాళ్ళను తప్ప ఎవరినీ రానివ్వకు. పొమ్మని కూడా చెప్పకు. "తలుపు కొట్టినవాడికి లేదనైనా జవాబు వెళ్ళకూడదు కత్తెరా. అప్పుడు అక్కడ ఇల్లున్నట్టే వాడికి తెలీదు" అని ఫోనులో నాకు చెప్పాడు. అంత పొడుగు మాట ఆయన నోట విని, మనిషి ఎంత కదిలిపోయాడో అనుకున్నాను.

తరవాత బెల్లు సరిచూశాడు. వంటింట్లోకి వెళ్ళి "నొక్కు" అన్నాడు. అక్క నొక్కింది, మోగింది. స్నానాల గదిలోంచి అడిగాడు, మోగింది. మేడమెట్ల మీద నిలబడి అడిగాడు, అక్కడా మోగింది. ఇంటి వైఫై మెట్లదాకా వస్తుంది. ఆయన వీధిలోకి మాత్రం దిగలేదు. ఊళ్ళో ప్రతి మనిషినీ చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కెళ్ళే మనిషి, తన ఇంటి బెల్లును ఇంట్లోనే చూసుకుని బాగుందనుకున్నాడు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకా మండుతుంది.

మర్నాడు పొద్దున ఆయా వెళ్ళాక, అక్కకు చెప్పి, తాళం వేసుకుని దుకాణానికి వెళ్ళాడు. ఫోను మోగలేదు. దుకాణం యజమాని "ఏంటయ్యా, ఇవాళ పరుగుల్లేవు?" అంటే, "ఇవాళ హాయిగా ఉన్నట్టుంది" అన్నాడట. నవ్వాడట కూడా. ఆ నవ్వు గుర్తు తెచ్చుకుని ఆయన తరవాత ఎలా ఏడ్చాడో నేను చూశాను.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి తాళం తీస్తుంటే లోపలి నుంచి చప్పుడు వినిపించింది. టిక్కు. ఆగి, మళ్ళీ టిక్కు. ఆయన చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. ఫోను చడీచప్పుడు లేకుండా ఉంది.

దిండు జారి అక్క తల ఒక పక్కకి వాలిపోయింది. నోట్లోని ఉమ్ము గొంతుకు అడ్డం పడి, ఊపిరి గరగరమంటోంది. ముఖమంతా తడి. ఎప్పటి నుంచి అలా ఉందో తెలియదు. ఆయన వచ్చి తల ఎత్తి పట్టుకున్నాక కూడా ఆ బొటనవేలు స్విచ్చును నొక్కుతూనే ఉందట. "వచ్చాను, వచ్చాను, ఇక నొక్కకు" అని ఆయన ఎంత చెప్పినా ఆగలేదట.

ఆస్పత్రిలో ఊపిరితిత్తుల్లోకి నెమ్ము చేరిందన్నారు. కబురు తెలిసి కార్ఖానా నుంచి అలాగే వెళ్ళిపోయాను. వార్డు బయట బల్ల మీద బావ కూర్చుని ఉన్నాడు.

"బెల్లు ఎందుకు మోగలేదు బావా?"

"నేనే మూసేశాను."

"ఏం మూశావు?"

"దారి. దొంగలు రాకుండా మూశాను. పిలుపు కూడా రాలేకపోయింది."

"నీ కాపలా తగలెయ్య!" అని అరిచాను. నర్సు వచ్చి నన్ను కోప్పడింది. బావ మాత్రం నన్ను ఆపలేదు. తిట్టు కత్తెరా, ఇంకా తిట్టు అన్నట్టు చూశాడు. అలా చూసేసరికి నాకు తిట్లు రాలేదు.

అక్క బతికింది. ఇంటికి పంపే రోజున అన్నయ్య వచ్చాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. బావ పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడాడు.

"బావగారూ, మిమ్మల్ని తప్పు పట్టను. నాకన్నా మీరే ఎక్కువ చూశారు. దాన్ని ఇంటికే తీసుకెళ్ళండి. కానీ అది పిలిస్తే మీకు వినపడుతుందని నాకు ఖాయంగా తెలియాలి. తెలియలేదో, కేంద్రానికి నేనే తీసుకుపోతాను. అప్పుడు అడ్డం పడకండి."

"బాగుచేస్తాను" అన్నాడు బావ.

అన్నయ్య లోపలికి వెళ్ళి అక్కనూ అడిగాడు. "కేంద్రానికి వెళ్దామా తల్లీ?" అక్క కిటికీ వైపు చూసింది. అక్కడ కిటికీ లేదు, గోడే ఉంది. ఆ గోడ వైపే గట్టిగా చూసింది.

నేను సెలవు పెట్టి వాళ్ళింట్లో దిగాను. అక్క పక్కన ఒక మనిషి ఉండాలి, బావకు వీధిలో నిలబడడానికి ఇంకో మనిషి కావాలి. రెండూ నేనే. ఆయన కంప్యూటరు ముందు కూర్చునేవాడు, నేను ఆయన ఫోను పట్టుకుని వీధిలోకి దిగేదాన్ని. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపితే అక్క నొక్కిందన్నమాట.

మొదటి తప్పు ఆయనకు ఆస్పత్రిలోనే తెలిసిపోయింది. "ఇంటివాళ్ళను రానిమ్మన్నాను. నా ఫోను ఇంటి వైఫైలో ఉన్నంతసేపూ ఇంటిదే. వీధిలోకి వెళ్తే అది సెల్ కంపెనీ దారి పట్టుకుంటుంది. అప్పుడు కాపలావాడికి నేను పరాయివాణ్ణి."

"నీ ఇంటికి నువ్వే దొంగవయ్యావన్నమాట" అన్నాను. హాస్యానికే అన్నాను. ఆయన తల ఊపాడు.

బయటి నుంచి బెల్లు కోసం వచ్చే పిలుపు ఒక్కదాన్నే, అదీ తాళంచెవి లాంటి రహస్య సంకేతం ఉన్న తన ఫోను నుంచి వస్తేనే రానివ్వమని ఇంకో రూలు రాశాడు. నేను వీధిలోకి దిగాను. చెయ్యి ఊపాడు. మోగలేదు. పైకి వెళ్తే తల పట్టుకుని కూర్చున్నాడు. అక్క ఆయన్నే చూస్తోంది. చాలాసేపటికి చిక్కు దొరికింది. కాపలావాడు రూల్సు పైనుంచి కిందికి చదువుతాడట. తనకు సరిపడే రూలు తగలగానే చదవడం ఆపేస్తాడట. "అందరికీ మూసెయ్" అన్నది పైన ఉంది, "బెల్లుకు తెరువు" అన్నది దాని కింద రాశాడు. కిందిదాకా వాడు రానే లేదు.

"మా మేనేజరూ ఇంతే. సెలవు చీటీలో మొదటి లైను చూసి కుదరదంటాడు" అన్నాను. అక్క కళ్ళల్లో నవ్వు కదిలింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అదే మొదటిసారి.

రూలు పైకి జరిపాక మోగింది. నేను వీధిలో గంతేశాను. చూసినవాళ్ళు ఏమనుకున్నారో వాళ్ళిష్టం. మేం ముగ్గురం ఆ పూట పండగ చేసుకున్నట్టే ఉన్నాం. మర్నాడు కరెంటు పోయి వచ్చింది. కంప్యూటరు ఆగి మళ్ళీ లేచింది. లేచాక బెల్లు లేదు. మార్చిన రూల్సును గుర్తుంచుకోమని చెప్పలేదట. నిద్ర లేవగానే వాడు పాత రూల్సే పట్టుకున్నాడు. "చెప్పినమాట గుర్తుంచుకోమని కూడా వేరే చెప్పాలా? ఇదెక్కడి చోద్యం బావా?" అన్నాను. దాన్నీ సరిచేశాడు. కావాలని కంప్యూటరు ఆపి లేపాడు. అప్పుడూ మోగలేదు.

ఈసారి రెండురోజులు కొట్టుకున్నాడు. తిండి మీద ధ్యాస లేదు. కేబులాయనను పిలిస్తే, ఆయన తన పొడుగు మాటలన్నీ అయ్యాక, మొదట్లో లినక్స్ ఎక్కించినప్పుడే ఇంకో కాపలావాణ్ణి పెట్టి నిద్రపుచ్చిన సంగతి గుర్తు తెచ్చుకున్నాడు. బావ చేసిన మార్పుల్లో ఎక్కడో వాడు నిద్రలేచాడు. ఇప్పుడు గుమ్మంలో ఇద్దరు. ఒకడు రమ్మంటాడు, రెండోవాడు ఆపేస్తాడు. బావ వాణ్ణి పూర్తిగా తీసేశాడు.

ఇవన్నీ చెబుతున్నాను గానీ, ఆ రోజుల్లో నేను చూస్తున్నది కంప్యూటరును కాదు. అక్క వేలిని. మొదటిరోజు బావ "నొక్కు" అనగానే టిక్కుమనేది. తరవాత్తరవాత కాస్త ఆగి టిక్కుమనేది. ఆ పైన ఆమె కళ్ళు చిట్లించి, నుదుటి మీద చెమట పడితే గానీ వినపడేది కాదు. బావ చూశాడు. స్ప్రింగు మార్చి ఇంకా సన్నటిది వేశాడు. నేను ఉండబట్టలేక అన్నాను.

"బావా, దాని ప్రాణం తీయకు. స్విచ్చు నేను నొక్కుతాను, నువ్వు కంప్యూటరు చూసుకో."

"నువ్వు నొక్కితే అది నీ బెల్లు. ఆమె నొక్కాలి, నేను బయట వినాలి. ఇంకోసారి అలా చెయ్యను."

ఎంత దుకాణపు పట్టుదలో అది! డాక్టరుకు ఫోను చేసి అడిగాను. నొక్కడం వల్ల కాదమ్మా, జబ్బు దాని దారిన అది వస్తోంది అన్నాడు. బావకు ఆ మాట చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు.

రెండో కాపలావాణ్ణి తీసేసిన మర్నాడు బావ గడ్డం గీసుకున్నాడు. "ఇవాళ దుకాణం నుంచే చూస్తాను. అన్నీ ఆపి, లేపి ఉంచాను. అక్కడ మోగితే మోగినట్టే" అన్నాడు. అక్క జుట్టు సర్ది, "నేను వెళ్ళాక నొక్కు. పరిగెత్తుకొస్తాను" అన్నాడు. అక్క కళ్ళు మూసింది.

దుకాణం చేరాక యజమాని ఫోను నుంచి నాకు ఫోను చేశాడు. తన ఫోను చేతిలో పట్టుకుని వీధిలో నిలబడ్డానన్నాడు. "నొక్కమను కత్తెరా."

"నొక్కు అక్కా" అన్నాను.

ఆమె కళ్ళు చిట్లించింది. మెడ మీద నరం ఉబ్బింది. వేలు కదల్లేదు.

"నొక్కిందా?" అన్నాడు బావ.

"ఉండు బావా."

మళ్ళీ ప్రయత్నించింది. చేతి మీద నా చెయ్యి వేసి చూశాను. లోపల ఏమీ కదలడం లేదు. రాత్రికి రాత్రే పోయినట్టుంది ఆ కాస్త బలం. అక్క కూడా తన వేలినే చూసుకుంటోంది. తరవాత నన్ను చూసింది. స్విచ్చును చూసింది. మళ్ళీ నన్ను చూసింది. నాకు అర్థమైంది. తల అడ్డంగా ఊపాను. ఆమె కళ్ళు నన్ను వదల్లేదు. చిన్నప్పుడు నా చేత దొంగపనులు చేయించేటప్పుడు ఎలా చూసేదో అలాగే చూసింది.

ఆమె బొటనవేలి మీద నా వేలు పెట్టి నొక్కాను.

ఫోనులో గంట మోగడం నాకూ వినపడింది. "వచ్చింది! కత్తెరా, వచ్చింది!" అని బావ అరుస్తున్నాడు. ఆ గొంతు అంత పెద్దగా ఉంటుందని నాకు తెలియదు. ఎవరో చప్పట్లు కొట్టారు. తరవాత చెప్పుల చప్పుడు. పరుగు మొదలుపెట్టేశాడు.

ఆయన మెట్లెక్కి వచ్చేలోపు ఏం చెప్పాలా అని నేను గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను. గుమ్మంలో నిలబడ్డాడు. రొప్పుతున్నాడు, నవ్వుతున్నాడు, చేతులనిండా తెల్లపొడి. ఎప్పటిలాగే అడిగాడు.

"పిలిచావా?"

అక్క కిటికీ వైపు చూసింది.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. "పిలిచావు కదా. మోగింది" అన్నాడు. ఆమె కిటికీ వైపే చూస్తోంది. ఆయన నా వైపు తిరిగాడు.

"నేను నొక్కాను బావా. వేలు కదలడం లేదు."

ఆయన మంచం పక్కన కూలబడి ఆమె చెయ్యి అందుకున్నాడు. ఒక్కో వేలూ పట్టుకుని చూశాడు. ఆపైన మాట్లాడడం మొదలుపెట్టాడు. ఆయన ఆగకుండా అంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఇంకా సన్నటి స్ప్రింగు ఉందన్నాడు. కనురెప్పకు తగిలేలా చేస్తానన్నాడు. ముక్కు కింద ఊపిరి తగిలితే మోగేలా చేస్తానన్నాడు. దారి బాగైపోయింది కదా, ఇక నొక్కడానికి ఏదో ఒకటి దొరక్కపోతుందా అన్నాడు. అది కుదిరేదాకా పని మానేసి ఇంట్లో ఉంటానన్నాడు. ఆ మాటకు అక్క మళ్ళీ కిటికీ వైపు చూసింది.

"మరేం చెయ్యమంటావు?" అని అరిచినట్టే అన్నాడు. "మీ అన్నయ్యకు ఫోన్ చెయ్యమంటావా?"

కాదనిపించుకోవడానికే అడిగాడు. ఎవరైనా అందుకే అడుగుతారు. అక్క ఆయన్ని చూసి, కళ్ళు మూసింది.

"రెప్ప పడింది. అలిసిపోయింది" అని నాతో అన్నాడు. మళ్ళీ అడిగాడు. ఈసారి ఆమె కళ్ళు మూసి, ఇక తెరవలేదు. ఇల్లు వదలనన్నది ఆమే. పిలుస్తూ పడుంటే ఎవరూ రాకపోవడం ఎలా ఉంటుందో మా ముగ్గురిలో తెలిసిందీ ఆమెకే. బెల్లు మోగని ఆ పొద్దుటిపూట లాంటిది ఆయన తలమీద ఇంకోటి పడకూడదనుకుందో, ఇంకోసారి భరించడం తనవల్లనే కాదనుకుందో నేను చెప్పలేను. రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతున్నా కళ్ళు మాత్రం గట్టిగా మూసుకునే ఉంది. బావ ఆమె చేతిని ముఖానికి అదుముకుని చాలాసేపు ఉన్నాడు. ఆఖరికి "సరే" అన్నాడు. అప్పుడు తెరిచింది.

ఫోను చేయడం ఆయన వల్ల కాలేదు. నేనే చేశాను. రేపు పొద్దున వచ్చి అక్కను తీసుకెళ్ళమని చెప్పాను. "బెల్లు బాగు కాలేదా?" అని అన్నయ్య అడిగాడు.

"బాగైంది అన్నయ్యా. చక్కగా మోగుతోంది" అని చెప్పి ఏడ్చేశాను.